వెన్నుపూసకు రెండు సిట్టింగ్‌ల రేడియేషన్ సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. రెండు నెలలుగా వీపు మధ్యలో నొప్పి, రాత్రి పడుకుంటే మరీ ఎక్కువ. ఎంఆర్ఐలో డీ10 వెన్నుపూసకు క్యాన్సర్ పాకిందని తేలింది. ఎస్‌బీఆర్‌టీ అనే రేడియేషన్ రెండు సిట్టింగ్‌లు ఇస్తామంటున్నారు. మా బంధువుకు పది ఇచ్చారు. రెండు సరిపోతాయా? వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: సిట్టింగ్‌లు ఎన్ని అన్నదాని కన్నా ఒక్కోసారి ఎంత డోసు ఇస్తారన్నది ముఖ్యం. మామూలు పద్ధతిలో రోజుకు 3 గ్రే చొప్పున పది రోజులు ఇస్తారు. గ్రే అంటే రేడియేషన్‌ను కొలిచే యూనిట్. ఎస్‌బీఆర్‌టీ అంటే కణితికి కచ్చితంగా గురిపెట్టి, ఒక్కోసారి ఎక్కువ డోసు ఇచ్చే పద్ధతి. ఇందులో రెండు సిట్టింగ్‌లైతే సాధారణంగా ఒక్కోదానికి 12 గ్రే, రెండిటికీ కలిపి 24. మొత్తం తక్కువే అనిపిస్తుంది గానీ, ఒకేసారి అంత డోసు పడితే కణితి మీద ప్రభావం ఎక్కువ. ఇలా రెండు సిట్టింగ్‌లు ఇచ్చినవారిని, 20 గ్రేను ఐదు సిట్టింగ్‌లలో ఇచ్చినవారిని 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో పోల్చారు. మూడు నెలలకు నొప్పి పూర్తిగా పోయినవారు మొదటి గుంపులో 35 శాతం, రెండో గుంపులో 14 శాతం. అయితే ఎస్‌బీఆర్‌టీని ఒకే సిట్టింగ్‌లో ఇచ్చి చూసిన మరో అధ్యయనంలో ఇలాంటి మేలు కనిపించలేదు.

వెన్నుపాము భయం మీకే కాదు, మాకూ ఉంటుంది. అందుకే ముందుగా ఎంఆర్ఐ, సీటీ స్కాన్లను కలిపి చూసి, వెన్నుపాము ఎక్కడుందో గీసుకుంటాం. కిరణాలు చాలా కోణాల నుంచి వచ్చి కణితి మీద కలుస్తాయి, కొన్ని మిల్లీమీటర్లు దాటేసరికి డోసు బాగా పడిపోతుంది. అమ్మగారు కదలకుండా పడుకోవడానికి ఒంటికి సరిపోయే పరుపులాంటిది తయారుచేస్తారు. మిషన్ మీద పడుకున్నాక మళ్లీ స్కాన్ తీసి సరిచూస్తారు. ఇంత జాగ్రత్తగా చేస్తే వెన్నుపాము దెబ్బతినడం చాలా అరుదు.

నన్నడిగితే అంతకన్నా ఎముక గురించి ఆలోచించాలి. ఈ చికిత్స తర్వాత దాదాపు పదిమందిలో ఒకరికి ఆ వెన్నుపూస కుంగిపోవచ్చు. లేచి కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు నొప్పి పెరిగి, పడుకుంటే తగ్గుతోందంటే ఎముక బలహీనపడిందేమో చూడాలి. మీ అమ్మగారిది రాత్రి నొప్పి, అంటే ఎక్కువగా కణితి వల్ల వచ్చేదే. అయినా ‘సిన్స్ స్కోర్ ఎంత?’ అని డాక్టర్‌ను అడగండి. కణితి వల్ల వెన్నెముక నిలకడ ఎంత తగ్గిందో చెప్పే స్కోర్ అది. ఆ స్కోర్ 7 లేదా అంతకన్నా ఎక్కువైతే రేడియేషన్‌కు ముందే వెన్నెముక సర్జన్ చూడాలి. కణితి వెన్నుపామును నొక్కుతున్నా అంతే.

మొదటి కొద్దిరోజులు నొప్పి పెరగొచ్చు. కంగారు పడకండి, స్టెరాయిడ్ మాత్రలతో తగ్గుతుంది. అసలు ఉపశమనం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి పైకి పాకుతున్నా, మూత్రం ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు, అది అర్ధరాత్రైనా సరే, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఈ రేడియేషన్ ఆ ఒక్క ఎముకకే. క్యాన్సర్ మందులు విడిగా వాడాల్సిందే. ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాస్తే, మొదలుపెట్టేముందు ఒకసారి పళ్ల డాక్టర్‌కు చూపించండి. పన్ను పీకించాల్సి ఉంటే ముందే పీకించేయాలి, ఇంజెక్షన్లు మొదలయ్యాక పీకిస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.