క్షేత్రం సున్నా అయితే వోల్టేజి కూడా సున్నా కావాలా?

పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు 1 నానోకూలుంబు ధనావేశాల మధ్యబిందువు వద్ద విద్యుత్ క్షేత్రం సున్నా అయినప్పుడు, వోల్టేజి 360 వోల్టులు ఎలా వచ్చిందని మీరు అడిగారు. అనంత దూరంలో వోల్టేజిని సున్నాగా తీసుకుంటే ఆ జవాబు సరైనదే.

క్షేత్రం వోల్టేజి ఎంత ఉందో చెప్పదు. దూరాన్ని బట్టి అది ఎంత త్వరగా, ఏ దిశలో తగ్గుతోందో చెబుతుంది. మీ గజపతి జిల్లాలోని మహేంద్రగిరి మీద, సుమారు 1500 మీటర్ల ఎత్తున, చదునైన చోట నిలబడితే కాలి కింద వాలు ఉండదు, ఎత్తు మాత్రం ఎక్కడికీ పోదు; క్షేత్రం ఆ వాలు లాంటిది, వోల్టేజి ఆ ఎత్తు లాంటిది.

క్షేత్రం సదిశ (దిశ కూడా ఉన్న రాశి) కనుక రెండు ఆవేశాల క్షేత్రాలు ఎదురెదురై రద్దవుతాయి; వోల్టేజి అదిశ (దిశ లేని రాశి) కనుక ఒక్కొక్కటి ఇచ్చే 180 వోల్టులు కలుస్తాయి. ఒక ఆవేశాన్ని ఋణావేశంగా మార్చి ఈ లెక్కను తప్పకుండా మళ్ళీ చేయండి: అదే బిందువు వద్ద వోల్టేజి సున్నా అవుతుంది, క్షేత్రం మాత్రం మీటరుకు 7200 వోల్టులుగా ఋణావేశం వైపు ఉంటుంది.

వోల్టేజిని దూరంతో భాగించి క్షేత్రాన్ని కనుక్కునే సూత్రం సమాంతర పలకల మధ్య ఉండే ఏకరీతి క్షేత్రానికే వర్తిస్తుంది, అక్కడ కూడా ఆ వోల్టేజి పలకల మధ్య తేడాయే; దాన్ని ఇక్కడ వాడడం వల్లనే మీకు చిక్కు వచ్చిందని నా అభిప్రాయం.