కల్చర్ రిపోర్టులో దాదాపు అన్నీ ‘ఆర్’ అని వస్తే హాస్పిటల్ మార్చాలా?

మీ అమ్మగారికి తుంటి ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో జ్వరం వచ్చిందని, బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా కనపడిందని, ఒక్క మందుకు తప్ప అన్నిటికీ ఆర్ అని ఉందని రాశారు. హాస్పిటల్ మార్చాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌ని. మూడేళ్ళ క్రితం మా బాబాయికి అచ్చం ఇలాగే అయింది, అందుకే రాస్తున్నాను.

తొందరపడి మార్చకండి. ఎక్కడికెళ్ళినా ఆ బ్యాక్టీరియా ఆవిడతోపాటే వస్తుంది. వేరే కారణాలతో మార్చక తప్పకపోతే మాత్రం కల్చర్ రిపోర్టు ముందే అక్కడికి పంపండి. విడిగా బెడ్ ఇస్తారు, పక్క పేషెంట్లకు అంటకుండా జాగ్రత్త పడతారు.

బాబాయి వేరే ఊళ్ళో, వేరే హాస్పిటల్లో ఉన్నాడు. రిపోర్టు ఫొటో తమ్ముడు వాట్సాప్‌లో పంపి, “అక్కా, ఆర్ అంటే రైట్ అనేనా? చాలా ఉన్నాయి” అన్నాడు. వాడి గొంతులో సంతోషం వింటూ, ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందుకు అది లొంగదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అలాంటి రిపోర్టుల వెనకుండే కల్చర్ ప్లేట్లు నేను రోజూ చూస్తాను. రక్తం సీసాని మెషీన్‌లో పెడితే బ్యాక్టీరియా పెరిగినప్పుడు అది కూత పెడుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజులు. అందులోంచి తీసి మెకాంకీ అగర్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి పదార్థం) ఉన్న ప్లేటు మీద వేస్తే మర్నాటికి క్లెబ్సియెల్లా గులాబీరంగులో, తడితడిగా, లావుగా పెరుగుతుంది. కొన్ని రకాలైతే లూప్‌తో (సన్నని తీగ చుట్టతో) పైకెత్తితే తీగపాకంలా సాగుతాయి. తర్వాత ఇంకో ప్లేటు మీద దాన్ని పరిచి, చిన్న చిన్న మందు బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం వస్తుంది. పనిచేయకపోతే బిళ్ళని ఆనుకుని పెరిగిపోతుంది. ఇదంతా తేలేసరికి రెండు మూడు రోజులు. ఈలోగా డాక్టర్ అంచనా మీదే మందు మొదలుపెట్టాలి కాబట్టి, రిపోర్టు వచ్చాక మందు మార్చారంటే ముందు తప్పు మందు ఇచ్చారని కాదు.

ఇంత మొండిగా ఎందుకు తయారైందంటే, మెరోపెనెం లాంటి పెద్ద మందుల్ని కూడా విరగ్గొట్టే ఎంజైములు వీటికి వచ్చేశాయి. పైగా ఆ ఎంజైముని తయారుచేసే జన్యువుని ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి అందించగలదు. ఢిల్లీలో హాస్పిటల్లో ఉండి స్వీడన్ తిరిగెళ్ళిన ఒక పేషెంట్‌లో 2008లో బయటపడిన ఎంజైముకి న్యూఢిల్లీ పేరే పెట్టారు, ఎన్‌డీఎం-1 అని. ఊరికి చెడ్డపేరని అప్పట్లో మనవాళ్ళు గొడవ చేశారు. పేరు సంగతి సరే, 2007లోనే మన పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు కొలిచి చెప్పారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్ళలో మందుకు లొంగని బ్యాక్టీరియానే మిగులుతుంది.

బాబాయికి మిగిలింది కొలిస్టిన్. 1950ల నాటి మందు. కిడ్నీలు పాడవుతున్నాయని పక్కన పెట్టేసి, వేరే దిక్కులేక మళ్ళీ తెచ్చారు. ఆయన క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, పెరిగితే మంచిది కాదు) 1.1 నుంచి 2.8కి ఎక్కింది. మనిషి దక్కాడు, కిడ్నీలు కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మీ రిపోర్టులో ఆర్ కానిది ఏ మందో మీరు రాయలేదు. అది కొలిస్టిన్ అయితే క్రియాటినిన్ ఎలా ఉందో రోజూ కనుక్కోండి. ఇంకోటి, బ్రాత్ పద్ధతిలో, అంటే ద్రవంలో మందు కలిపి టెస్ట్ చేశారా అని కూడా అడగండి. కొలిస్టిన్ అణువు పెద్దది, అగర్‌లో సరిగా పాకదు, మామూలు బిళ్ళ పెట్టి చూస్తే ఆ ఫలితాన్ని నమ్మలేం.

నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉన్నది మందు సంగతి కాదు, యూరిన్ పైపు. ఆపరేషన్‌కి వేసింది తొమ్మిది రోజులు అలాగే ఉంచారు. నర్సు తీయలేదు, డాక్టర్ అడగలేదు. మంచం దిగక్కర్లేదని పిన్ని కూడా అదే నయమనుకుంది. పోనీ, ఇదే పనిలో ఉన్న నేను ఫోన్లో ఒక్కసారైనా “పైపు తీశారా?” అన్నానా? అనలేదు. ఎంత శక్తిమంతమైన ఇంజెక్షన్ ఇస్తున్నారని మాత్రం రోజూ అడిగాను. పైపుల లోపల ఈ బ్యాక్టీరియా పొరలా పేరుకుంటుంది, అక్కడికి మందు సరిగా చేరదు. మీరు మాత్రం రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ని “ఈ పైపు ఇవాళ కూడా అవసరమా అండీ? మెడ దగ్గర లైన్ ఇంకెన్నాళ్ళు?” అని రోజూ అడగండి (లైన్ అంటే మెడ దగ్గర రక్తనాళంలోకి వేసే గొట్టం). విసుక్కున్నా ఫరవాలేదు.

ఇంటికొచ్చాక బాబాయి యూరిన్ కల్చర్‌లో మళ్ళీ అదే క్లెబ్సియెల్లా వచ్చింది. జ్వరం లేదు, మంట లేదు. డాక్టర్ మందేమీ రాయలేదు. తమ్ముడు టెన్షన్ పడి మెడికల్ షాపుకి బయల్దేరాడు. ఒంట్లో ఊరికే ఉండటం వేరు, జబ్బు చేయడం వేరు అని చెప్పి వాణ్ని ఆపడానికి నాకు అరగంట పట్టింది.