పాఠకుల ప్రశ్నలు: చీటీ రాసిచ్చాక ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్ బోరబండలో మా కాలనీ సంఘం తరఫున యువత కోసం పనిచేస్తున్నాం. బస్తీ దవాఖానా ఉంది, రెండు ఇంటర్ కాలేజీలున్నాయి, ఆదివారాలు ఒక కౌన్సిలర్ వస్తారు. దిగులుగా ఉన్న పిల్లలకు చీటీ రాసిచ్చి ఆసుపత్రికి వెళ్లమంటే సగం మంది కూడా వెళ్లడం లేదు. అందరినీ ఎలా కలపాలి?

జవాబు: పిల్లలు జారిపోయేది కాలేజీకీ దవాఖానాకీ మధ్యలో. అక్కడ ఒక మనిషిని పెట్టండి. కుదిరితే ఇద్దరు, అందులో ఒకరు మహిళ. ఓపీ రోజు, టైము కనుక్కోవడం, మొదటిసారి వెంట వెళ్లడం, మర్నాడు ఫోన్ చేయడం వాళ్ల పని. ఒక్కొక్కరికి ఎనిమిది మందికి మించి అప్పగించకండి.

చీటీలో ‘డిప్రెషన్’ అని రాయొద్దు, అది తేల్చాల్సింది డాక్టరు. చూసింది రాయండి: ‘మూడు వారాలుగా రాత్రి రెండింటి దాకా నిద్ర లేదు. పది రోజులుగా కాలేజీకి రాలేదు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు.’

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మీకు దగ్గరే. కానీ మన ఊళ్లో ఆ పేరే ఒక వెక్కిరింపు. ఎర్రగడ్డ అనగానే తల్లిదండ్రులు వెనకడుగు వేస్తే పట్టుబట్టకండి. గాంధీ ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది, దూరమైనా అక్కడికి వస్తారు. ఓపీ పొద్దున పూటే కాబట్టి ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడి సగం రోజు సెలవు ఇప్పించండి. కారణం ‘వైద్యం’ అంటే చాలు.

మందు మొదలుపెట్టిన వాళ్లకు పదో రోజున తప్పకుండా ఫోన్ చేయండి. దిగులుకిచ్చే మందుల గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వికారం లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. చాలామంది మానేసేది అప్పుడే.

నెలకోసారి కాలేజీ, దవాఖానా, కౌన్సిలర్ కలిసి కూర్చోండి. ఎంతమందిని పంపాం, ఎంతమంది చేరారు, ఎక్కడ ఆగారు అన్నంతవరకే. పేర్లు వద్దు. వాట్సాప్ గ్రూపు అసలే వద్దు: ఒక్క స్క్రీన్‌షాట్ బయటికి పోయిందంటే ఇక మీ చీటీని ఎవరూ ముట్టుకోరు.

చనిపోతానని ఎవరైనా అంటే చీటీలు, ఓపీ రోజులు పక్కన పెట్టేయండి. ఒంటరిగా వదలొద్దు, ఇంట్లోని మాత్రలు, పురుగుమందు తీసేయించి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. దారిలో మాట్లాడ్డానికి ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉంది: 24 గంటలూ, ఉచితం, తెలుగులోనే. ఆత్మహత్యాయత్నం చేస్తే కేసవుతుందని దాచే ఇళ్లున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరేలా రుజువైతే తప్ప, ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష ఉండదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: పదహారేళ్ల అమ్మాయి, ఇంట్లో చెప్పొద్దంటోంది. ఏం చేయాలి?

జవాబు: ‘అన్నీ నాలోనే దాచుకుంటా’ అని మాటివ్వకండి. మామూలు కష్టసుఖాలు బయటపెట్టనక్కర్లేదు. 18 ఏళ్లలోపు కాబట్టి చికిత్సకు మాత్రం తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. ఎవరికి, ఎంతవరకు చెప్పాలో ఆ అమ్మాయితోనే కూర్చుని తేల్చండి, అమ్మ కాకపోతే పిన్నో మేనత్తో ముందు రావచ్చు. ప్రాణానికి ముప్పుంటే ఆగకూడదు. లైంగిక వేధింపు బయటపడితే, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద పోలీసులకు తెలపడం తప్పనిసరి. పిల్లల సహాయ నంబరు 1098కీ ఫోన్ చేయండి. వేధించింది ఇంట్లోవాళ్లేనన్న అనుమానముంటే, వాళ్లకు ముందుగా చెప్పకండి.