ఏ సంఘం వాళ్లో ముందు తేల్చుకో

కడప

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. పదో పేజీ దాకా గుక్క తిప్పుకోకుండా చదివినాను. అక్కడ ఆగిపోయినాను. జమ్మలమడుగు పక్క పల్లె అన్నావు, లండన్ మిషన్ వాళ్లు కట్టిన రాతి గుడి అన్నావు. అన్న పొలం గట్టు జరిపి, అన్న పోయినాక నిద్రపట్టక తిరిగే ఓబన్న ఆ గుడిలోకి పోయి, జాలీ ఉన్న చెక్కపెట్టె ముందు మోకాళ్లూని, లోపల కూర్చున్న తెల్లంగీ ఫాదర్ చెవిలో తప్పు ఒప్పుకుంటాడు. ఆ పెట్టె ఎక్కడిదమ్మా? మీ ఊరి గుడిలో ఎప్పుడైనా చూసినావా? చూసి ఉండవు. సినిమాలో చూసింటావు.

కోత పండుగ వేలంలో అవ్వ గుడికి తానిచ్చిన గుమ్మడికాయను తానే ఎక్కువ పాడి తీసుకునే చోటు చాలా బాగుంది. అది నువ్వు కళ్లారా చూసి రాసింది. ఆ పెట్టె మాత్రం కాథలిక్కుల నుంచి అరువు తెచ్చుకున్నది.

ఇది చిన్న పొరపాటు, ఒక మాట మారిస్తే సరిపోతుంది అనుకోవద్దు. క్రైస్తవుల కథ రాసేవాళ్లు ఏ సంఘం వాళ్లో ముందు తేల్చుకోవాలని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను. తప్పు చేసినవాడు ఎవరి దగ్గరికి పోవాలి, ఎవరు వినాలి, క్షమించినామని చెప్పే హక్కు ఎవరికుంది అనే దగ్గరే ఈ శాఖలన్నీ విడిపోయినాయి. కథకు పట్టు దొరికేది కూడా అక్కడే. కాథలిక్కు గురువుకు చెప్పి పాపసంకీర్తనం చేస్తాడు. విన్న గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. అంటే ఊళ్లో ఇంకొక మనిషికి అంతా తెలుసు, కానీ నోరు విప్పలేడు. అది ఒక రకం కథ. 1822లో కడపకు వచ్చిన లండన్ మిషన్ వాళ్లలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ పద్ధతి వాళ్లు. వాళ్ల లెక్కలో పాస్టరు దేవునికీ మనిషికీ నడుమ నిలబడేవాడు కాడు. ఎవరి పాపానికి వాళ్లే దేవునికి జవాబుదారీ. కానీ నడత తప్పితే సభ్యులంతా కూర్చుని అడుగుతారు. అది పూర్తిగా వేరే కథ. కర్నూలు బాప్టిస్టుల దగ్గరికి పోతే, ఊహ తెలిసిన మనిషి తన నోటితో ఒప్పుకుని నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం. ఇప్పుడు వీధివీధికీ వెలసిన పెంతెకొస్తు ప్రార్థన మందిరాల్లో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్తారు, పాత తాగుడూ పాత కొట్లాటా అన్నీ. మీ ఓబన్నను ఈ నాలుగు చోట్లా నిలబెట్టి చూడు. నాలుగు కథలొస్తాయి. ఒకదాని ముగింపు ఇంకొకదానికి అతకదు.

అమెరికా నవలాకారుడు హాథార్న్ 1850లో ‘స్కార్లెట్ లెటర్’ అచ్చువేసినాడు. పదిహేడో శతాబ్దపు బోస్టన్, ప్యూరిటన్ల ఊరు. ఆ ప్యూరిటన్లదీ కాంగ్రిగేషనల్ పద్ధతే. మీ జమ్మలమడుగు గుడికి పెదనాయన వరస అవుతారు. అందులో పాస్టరు డిమ్స్‌డేల్ ఏడేళ్లు తన తప్పును గుండెల్లో దాచుకుని కుళ్లిపోతాడు. చెప్పుకోవడానికి ఆ ఊళ్లో చెవి లేదు, పెట్టె లేదు. చివరికి పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, శిక్షలు వేసే అరుగెక్కి ఒప్పుకుని అక్కడే ప్రాణం విడుస్తాడు. ఆ ఊళ్లో కాథలిక్ గుడి ఉండి, ఆయన కాథలిక్కై ఉంటే ఆ నవల పుట్టేదే కాదు. దస్తయేవ్‌స్కీ 1866లో రాసిన ‘నేరము–శిక్ష’లో సోన్యా హంతకుడికి ఏం చెప్తుంది? నాలుగు దోవలు కలిసే చోట నిలబడు, నువ్వు మైలపరచిన నేలను ముద్దుపెట్టుకో, నాలుగు దిక్కులా వంగి అందరికీ వినిపించేటట్టు చెప్పు అంటుంది. నేలా జనమూ కలిసి మనిషి పాపాన్ని మోస్తాయనే ఆ నమ్మకం రష్యా ఆర్థొడాక్సు మట్టిది. ఇంగ్లండు ప్యూరిటన్ ఇంట్లో పుట్టిన కథలో అది రాదు. ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్ కాథలిక్కు గనకే 1940లో మెక్సికో తాగుబోతు ఫాదర్ను రాయగలిగినాడు. ఆ ఫాదర్‌కు బిడ్డ ఉంది, సారా లేనిదే పూట గడవదు. అయినా ఆయన చేతి పూజ చెల్లుతుంది, ఎందుకంటే గురువుగా పొందిన అభిషేకం మనిషి మంచితనాన్ని బట్టి పోయేది కాదు. అదే మన బాప్టిస్టు పల్లెలో ఐతే వారం తిరక్కముందే సంచి సర్దించి పంపేవాళ్లు.

నీ కథ జరిగే కాలంలో నంద్యాల సంగతి కూడా ఉంది, నువ్వు పట్టించుకోలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనారు. కడప వైపు గుళ్లు చేరినాయి. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది ఏళ్ల తరబడి బయటే ఉండిపోయినారు. బిషప్పు తలమీద చెయ్యిపెట్టి అభిషేకించని పాస్టరు ఇచ్చే రొట్టె, ద్రాక్షరసపు సంస్కారం ఎట్లా చెల్లుతుందనేది ఆ పట్టింపులో పెద్దది. మా అమ్మ నంద్యాల పిల్ల, మా నాయన కడప మిషన్ కాంపౌండు మనిషి. నంద్యాలలో ఐతే బలిపీఠం ముందు కటకటాల దగ్గరికి పోయి మోకరిస్తే ఒకే పాత్ర అందరి పెదవులకూ తగిలేది. కడపలో కూర్చున్న చోటికే చెక్క ట్రే వచ్చేది, అందులో బొటనవేలంత గాజు గ్లాసులు, ద్రాక్షరసం. ట్రే తన వరసలోకి రాగానే మా అమ్మ బెంచీ దిగి, రెండు బెంచీల నడుమ ఇరుకులో బండల మీద మోకరించేది. వెనక ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆమె మానలేదు. ఇంట్లో దాని మీద ఒక్క మాట అనుకోవడం నేను వినలేదు. ఆ బండల నుంచి నాకొచ్చినన్ని కథలు ఏ పుస్తకం నుంచీ రాలేదు.

నా మొదటి కథల్లో ఒకటి సంఘం మీటింగు మీద రాసినాను. ఒకాయన్ను ఆర్నెల్లు సంస్కారం నుంచి ఆపుతారు. ట్రే ఆయన ఒడి మీదుగా పక్కవాళ్ల చేతికి పోతుంది. ఆయన భార్య గ్లాసు తీసుకోవాలా వద్దా అని చెయ్యి చాపి వెనక్కి తీసుకుంటుంది. అంతే కథ. పేరున్న వారపత్రిక ఒకటి దాన్ని వేసింది. వేసేముందు ఆ ఎడిటరు సంఘం మీటింగు మొత్తం కొట్టేసి, ఫాదర్ను తెచ్చి, పెట్టెలో కూర్చోబెట్టి, పక్కన కొవ్వొత్తుల బొమ్మ వేయించినాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఉత్తరం రాస్తే, “మన పాఠకులకు అర్థం కావాలి కదా” అని రెండు ముక్కల జవాబు. మా గుడిలో పెద్దలు, మనల్ని మనవాడే ఇట్లా రాసినాడే అని నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు. ఆ ఎడిటరును నేను ఇప్పటికీ క్షమించలేదు. సీమ నుంచి కరువూ ఫ్యాక్షనూ తప్ప ఇంకేం వచ్చినా పక్కన పడేసేవాళ్ల కోవలోవాడే ఆయన కూడా.

ఇంకొకటి. నాలుగో పేజీలో “బియ్యం కోసం మతం మారిన తాత” అని ఒక్క ముక్కలో తేల్చేసినావు. ఎవరి నోటి మాట అది? ధాత కరువు రోజుల్లో, 1876–78లో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చినాడు. సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, తిండి కోసం వస్తారేమోనని. సాయం ఆగినాక కూడా జనం వచ్చినారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగినారు. ఆకలి ఆ దోవలో లేదని నేను అనను. ఆకలితో పాటు ఇంకేముందో మీ తాతను అడిగి రాయడం నీ పని. బతికి ఉంటే ఆయన్నే అడుగు, లేకుంటే నాయనమ్మను అడుగు. జాషువాను మనవాళ్లు కులం వైపు నుంచి బాగానే చదివినారు. లూథరన్ల గుంటూరులో బతికి, ‘గబ్బిలం’లో కబురు కాశీలోని శివునికి ఎందుకు పంపినాడో ఆ సంఘం వైపు నుంచి కూర్చుని ఆలోచించినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. పురుషోత్తమ చౌదరి క్రైస్తవ కీర్తనలను రాగం తాళంతో అచ్చువేసుకుని లూథరన్లూ బాప్టిస్టులూ మనమూ పాడుకున్నాం. సంస్కారపు బల్ల దగ్గర మాత్రం ఎవరి పట్టింపులు వాళ్లవే. దీని మీద ఎవరైనా నవల రాస్తారని చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నీ కథ. పెట్టె తీసెయ్యి. ఫాదర్ను తీసెయ్యి. నీ చేతిలో కోత పండుగ వేలం ఉంది, దాన్ని అరపేజీలో వదిలేసినావు. వదినె శనక్కాయల మూట వేలానికి వస్తుంది. ఓబన్న పాడతాడు. ధర దాటిపోతుంది. ఆయన ఆపడు. పొలం సంగతి తెలిసినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. వదినె తలెత్తుతుందో లేదో నువ్వు రాయాలి. మీ సంఘంలో తప్పు ఒప్పుకునే పద్ధతి అది, అందరి ఎదుట. ఆయన నోరు తెరిచి చెప్పాలా వద్దా అనేది నీకే వదిలేస్తున్నాను.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగినావు. వాటికి ఇప్పుడు జవాబు రాయను. తిరగరాసి పోస్టులో పంపు, ఫోన్లో నేను చదవలేను. కడపకు వస్తే ఏ సాయంత్రమైనా ఇంటికి రా. ఆదివారం పొద్దున మాత్రం వద్దు, గుడిలో ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన