షోరూమ్‌లో స్టాఫ్ మానేస్తే ఆ పనంతా మనతోనే చేయిస్తున్నారు, ఏం చేయొచ్చు?

మీరు రాసిందాన్ని బట్టి గుంటూరులో బట్టల షోరూమ్, ముప్పై మందికి పైనే స్టాఫ్, అందులో ఆరుగురు మానేస్తే కొత్తవాళ్లని పెట్టకుండా పొద్దున పదింటి నుంచి రాత్రి పదకొండు దాకా మీతోనే లాగిస్తున్నారు, వీక్లీ ఆఫ్ కూడా ఎత్తేశారు, అంతే కదండీ. నేను విజయవాడ బీసెంట్ రోడ్డులో ఇలాంటి దాంట్లోనే బిల్లింగ్‌లో చేశా కాబట్టి చెప్తున్నా.

"స్టాఫ్ తక్కువున్నారు సార్" అని లేబర్ ఆఫీసుకెళ్తే వాళ్లు చేసేదేం లేదు, బట్టల షాపులో ఇంతమందిని పెట్టాలని చట్టంలో ఎక్కడా లేదు. కానీ ఆ ఆరుగురి పని మీ గంటల్లోంచి లాగుతున్నాడు చూడండి, పట్టుకోవాల్సింది అక్కడ. మన దగ్గర 1988 నాటి షాప్స్ యాక్ట్ ఉంది, రోజుకి 8 గంటలుండేదాన్ని 2025లో 10 చేశారు గానీ వారానికి 48 అలాగే ఉంది, దాటితే ఓటీ (ఓవర్‌టైమ్), ఓటీకి మామూలు రేటుకి డబల్. వారానికో రోజు సెలవు ఇవ్వాల్సిందే. ఆడవాళ్లని రాత్రి ఉంచాలంటే వాళ్ల ఒప్పుకోలు ఉండాలి, ఇంటికి చేర్చే ఏర్పాటు కూడా.

ఇక ప్రూఫ్. మా దగ్గర తొమ్మిదింటికి అందరితో వేలిముద్ర వేయించి అవుట్ చూపించేవాళ్లు, ఆ తర్వాత షట్టర్ సగం దించి చీరలు మడతపెట్టడం, స్టాక్ టాలీ, అదంతా లెక్కలోకి రాదు. అయితే బిల్లు మీద టైము, క్యాషియర్ కోడ్ పడతాయిగా, తొమ్మిదిన్నరకి, పదికి కొట్టిన బిల్లుల్లో ఆ రెండూ కనపడేలా ఫోటో తీసి పెట్టుకున్నా, కస్టమర్ ఫోన్ నెంబర్ పడకుండా. "రేపు ఎవరికీ ఆఫ్ లేదు" అని మేనేజర్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌లు కూడా డిలీట్ చేయలేదు. అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోయినా బ్యాంకులో పడే జీతం, పీఎఫ్ పాస్‌బుక్కు చాలు మీరు అక్కడ చేస్తున్నారని చూపించడానికి.

ఒక్కరే వెళ్లి అడక్కండి, వీడే లీడరు అని ముద్రేస్తారు. మేం నలుగురం కలిసి ఓటీ లెక్క కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇచ్చాం, కాపీ మీద మేనేజర్‌తో రిసీవ్డ్ అని రాయించుకున్నాం. కదలిక లేకపోతే అదే కాగితంతో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికెళ్లాం, ఆయన పిలిపించాక ఆఫ్‌లు వంతులవారీగా మొదలయ్యాయి, ఓటీ డబ్బులు మాత్రం కొంతే వచ్చాయి, పూర్తిగా వస్తుందని మీకు ఆశ పెట్టను.

మానేద్దామనుకుంటే కోపంలో చెప్పకుండా వెళ్లిపోవద్దు, నోటీసు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఇవ్వండి, ఖాళీ కాగితం మీద సంతకం అస్సలొద్దు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మానేసిన రెండు పనిరోజుల్లో రావాల్సిన జీతం ఇచ్చేయాలి, మన షాపులోళ్లు అంత స్పీడుగా ఇస్తే నాకూ చెప్పండి. అక్కడ చేరి ఐదేళ్లకి దగ్గర్లో ఉంటే మాత్రం ఆగండి, గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుకి ఇచ్చే డబ్బు, ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన వస్తుంది.

ఇంకోటి, అడిగే టైము చూసుకోండి. ఆషాఢం సేల్ బ్యానర్లు కట్టే ముందు వారం అడిగితే ఓనరు కూర్చోబెట్టి టీ తెప్పించి మరీ వింటాడు, దసరా, దీపావళి అయిపోయి కౌంటర్లు ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే రేపట్నుంచి రావద్దంటాడు.