జైల్లో సిగరెట్ మాన్పించడానికి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు.

జైల్లో సిగరెట్ మాన్పించే క్లాసులు మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

పాడైపోయిన ఊపిరితిత్తుల ఫొటోలు పట్టుకెళ్లకు. క్యాన్సర్ వస్తుందని అక్కడ తెలియనివాడు లేడు. జైల్లో సిగరెట్ డబ్బులా కూడా చెల్లుతుంది. అందుకే రోజుకు ఎన్ని కాలుస్తావని అడిగే ముందు, ఎవరికైనా బాకీ ఉన్నావా అని అడుగు. బాకీ కోసం దగ్గర పెట్టుకున్న సిగరెట్ రాత్రికల్లా కాలిపోతుంది.

ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో వాళ్లకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నువ్వూ వెళ్లి 'సోమవారం నుంచి మానెయ్' అంటే ఇంకో వార్డరు వచ్చిందనుకుంటారు. తేదీ వాళ్లనే పెట్టుకోనివ్వు. కోర్టు వాయిదా, ములాఖత్ పక్కనే పడకుండా చూసుకోమంటే చాలు.

మొదటి రెండు మూడు రోజులు బాగా కష్టం. చిరాకు, టెన్షన్, నిద్ర పట్టదు. సెల్లో మిగతావాళ్లకు ముందే చెప్పి ఉంచమను, లేకపోతే చిన్న మాటకే కొట్లాట. తలుపు తాళం పడ్డాక పక్కవాడు వెలిగిస్తే లేచి పోవడానికి చోటుండదు. ఆ తహతహ కొద్ది నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ కాసేపూ ఏం చేస్తాడో మానేవాడి నోటనే చెప్పించు. ఒకే సెల్లో ఇద్దరు కలిసి మానితే సగం బరువు తగ్గినట్టే.

సిగరెట్ తహతహ తగ్గించడానికి నమిలే నికోటిన్ గమ్ తాళాల్లో కుక్కుతారని కొన్ని జైళ్లలో రానివ్వరు, ముందే కనుక్కో. ఇస్తే, నమిలే పద్ధతి నువ్వే చూపించు: మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గలో పెట్టి ఆగాలి. మామూలు గమ్‌లా నమిలేస్తే ఎక్కిళ్లు, కడుపులో మంట; 'ఈ మందు నాకు పడదు' అని పారేస్తారు. ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ అయితే పాతది తీసుకుని కొత్తది ఇవ్వు. పొగాకు నిషేధించిన చోట్ల ప్యాచ్‌ను టీ ఆకుతో కలిపి కాల్చేవాళ్లూ ఉన్నారు.

ఇది మాత్రం మరిచిపోకు. ఒలాంజపిన్, క్లోజపిన్ అనే మానసిక జబ్బుల మందులు వాడేవాళ్లు మానే తేదీకి ముందే డాక్టరుకు చెప్పాలి. సిగరెట్ పొగ ఆ మందుల్ని ఒంట్లో త్వరగా కరిగించేస్తుంది. పొగ ఆగితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. కాఫీ సంగతీ అంతే. మునుపటంతే తాగితే గుండె దడ, నిద్రలేమి, ఆ నింద మానడం మీద పడుతుంది.

ఇక విడుదల. పొగ నిషేధించిన జైల్లో మానేసింది అతను కాదు, జైలు. గేటు దాటగానే వెలిగించేవాళ్లే ఎక్కువ. అమెరికాలో అలాంటి ఒక జైల్లో, విడుదలకు ముందు వారానికోసారి కూర్చుని మాట్లాడి, బయటికెళ్లాక ఫోన్ చేసినవాళ్లలో మూడు వారాలు దాటినా 25 శాతం మంది ముట్టలేదు. మామూలుగా వదిలేసినవాళ్లలో 7 శాతమే. కాబట్టి చివరి వారాల్లో క్లాసు పాఠాలు పక్కన పెట్టు. గేటు దగ్గరికి ఎవరొస్తారు, వాళ్ల జేబులో ప్యాకెట్ ఉంటుందా, ఇవ్వబోతే ఏమంటాడు, ఇవే అడుగు. ఆ మాట గట్టిగా అనిపించు. మొదటిసారి నవ్వేస్తారు, మళ్లీ అనిపించు.

పెదనాన్న