పాఠకుల సందేహాలు: దాచిన సంఖ్యకూ అసలు లాట్లకూ తేడా ఎందుకు?

ప్రశ్న: ఉల్లి కమీషన్ ఏజెంట్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశాను. యార్డు కింద దుకాణాలు, దుకాణాల కింద లాట్లు. ప్రతిసారీ లెక్కపెట్టకుండా దుకాణం రో (టేబుల్లో ఒక వరుస)లోనూ యార్డు రోలోనూ లాట్ల సంఖ్య దాచాను. లాటు చేరితే ప్రోగ్రాం పెంచుతుంది, డిలీట్ చేస్తే ట్రిగ్గర్ (మార్పు జరగగానే డేటాబేస్ తనంతట తాను నడిపే కోడ్) తగ్గిస్తుంది. ఒక దుకాణానికి 214 అని చూపిస్తోంది, లెక్కపెడితే 209 ఉన్నాయి. వాడుతున్నది మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తేడా ఎటువైపు ఉందో చూస్తే కారణం సగం దొరుకుతుంది.

అసలుకంటే తక్కువ చూపిస్తే, ఇద్దరు గుమాస్తాలు ఒకే దుకాణానికి ఒకేసారి లాట్లు ఎక్కించి ఉంటారు. ఇద్దరి ప్రోగ్రాములూ 41 అని చదివి 42 అనే రాస్తాయి, ఒక లాటు లెక్కకు రాదు. ప్రోగ్రాం చదివి, కలిపి, తిరిగి రాయడం మానేయాలి. ‘సెట్ లాట్ల_సంఖ్య = లాట్ల_సంఖ్య + 1’ అని డేటాబేస్ చేతే కలిపించండి.

మీ దుకాణంలోలా ఎక్కువ చూపిస్తే, ముందు అనుమానించాల్సింది దుకాణం మారిన లాట్లను, ‘రద్దు’ అని స్టేటస్ మార్చిన లాట్లను. ఈ రెండూ అప్‌డేట్లే, వీటికి డిలీట్ ట్రిగ్గర్ కదలదు. అందుకే చేర్పు, తీసివేత, మార్పు మూడింటికీ లాట్ల టేబుల్ మీద ట్రిగ్గర్లు పెట్టి, ప్రోగ్రాం ఆ కాలమ్‌ను ముట్టుకోకుండా చూడండి. మార్పు ట్రిగ్గర్‌లో పాత లాటు లెక్కలో ఉంటే పాత దుకాణానికి ఒకటి తీయాలి, కొత్త లాటు లెక్కలో ఉంటే కొత్త దుకాణానికి ఒకటి కలపాలి. రెండు లాట్లు ఎదురెదురు దుకాణాలకు ఒకేసారి మారితే డెడ్‌లాక్ (ఒకదాని తాళం కోసం మరొకటి ఆగిపోవడం) పడవచ్చు. 1213 ఎర్రర్ వస్తే ట్రాన్సాక్షన్ (ఒకటిగా జరగాల్సిన పనుల గుంపు) మొత్తాన్ని మళ్లీ నడపాలి.

దుకాణాన్నే తీసేసినప్పుడు యార్డు సంఖ్య తగ్గకపోతే కారణం వేరు. మైఎస్‌క్యూఎల్ 8లో ఫారిన్ కీ (ఒక టేబుల్ రోను మరో టేబుల్ రోకు కట్టే లంకె) క్యాస్కేడ్ వల్ల, అంటే దుకాణంతో పాటే వాటంతటవే పోయే లాట్లకు ట్రిగ్గర్లు నడవవు. ముందు లాట్లను, తర్వాత దుకాణాన్ని మీరే డిలీట్ చేయాలి. టేబుల్ మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేసే ట్రంకేట్‌కూ డిలీట్ ట్రిగ్గర్లు నడవవు.

నన్నడిగితే యార్డు రోలో ఆ సంఖ్యే వద్దు. యార్డు మొత్తానికి ఉన్నది ఒక్క రో, సీజన్లో ప్రతి లాటూ దాని తాళం కోసమే కాచుకుంటుంది. కొన్ని వందల దుకాణాల సంఖ్యలు కూడడానికి ఎంతసేపు? అప్పటికప్పుడు ‘సమ్’ వేయండి. పై అంతస్తు తేడాలు అక్కడితో పోతాయి.

ఇప్పటికే తప్పిన సంఖ్యలను దిద్దేటప్పుడు దుకాణాల నుంచి లాట్లకు లెఫ్ట్ జాయిన్ (లాట్లు లేని దుకాణాలనూ ఉంచి రెండు టేబుళ్లను కలపడం) వాడండి. మామూలు జాయిన్ అయితే ఒక్క లాటూ లేని దుకాణాలు రాక, వాటి పాత సంఖ్య అలాగే ఉండిపోతుంది. రద్దయిన లాట్లను వదిలే షరతు ‘వేర్’ (కలిపాక వడకట్టే షరతు)లో కాకుండా ‘ఆన్’ (కలిపేటప్పటి షరతు)లోనే రాయాలి, లేకపోతే లెఫ్ట్ జాయిన్ పెట్టినా అదే జరుగుతుంది. పని నడుస్తుండగా దిద్దాలంటే, ఒక్కో దుకాణం రోను ‘ఫర్ అప్‌డేట్’తో తాళం వేసి పట్టుకున్నాకే లెక్కపెట్టండి.

రాత్రిపూట తనిఖీ పెట్టండి కానీ, చడీచప్పుడు లేకుండా దిద్దించకండి. దుకాణం, దాచిన సంఖ్య, అసలు సంఖ్య ముందు ఒక టేబుల్లోకి రాయించండి. అది చూడకుండా రోజూ సరిచేస్తూ పోతే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ బయటపడదు. సంఖ్య సున్నా దిగకుండా ‘గ్రేటెస్ట్’ పెట్టడం కూడా తప్పును దాచడమే. కాలమ్‌ను అన్‌సైన్డ్ (సున్నాకంటే తక్కువ సంఖ్య పట్టనిది) చేయండి, తప్పు జరిగిన క్షణానే 1690 ఎర్రర్ వస్తుంది.

ప్రశ్న: కాలేజీ లైబ్రరీకి విభాగాలు, పుస్తకాలు, ప్రతులు అని మూడు టేబుళ్లు. ప్రతులు 6,000. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో విభాగానికి ఎన్ని ప్రతులో దాచాలా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దమ్మా. ప్రతుల్లో పుస్తకం కాలమ్‌కూ, పుస్తకాల్లో విభాగం కాలమ్‌కూ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) వేయండి. పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీకి ఆ ఇండెక్స్ తనంతట తాను వేయదు. ఆరు వేల రోలను ప్రతిసారీ లెక్కపెట్టినా తెర మీద ఆలస్యం తెలియదు. ముందుముందు దాచాల్సి వస్తే ఒక్క సౌకర్యం ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో క్యాస్కేడ్‌తో పోయే రోలకూ డిలీట్ ట్రిగ్గర్లు నడుస్తాయి.